ముప్పై ఒక్క ముఖాలు, ఆరు మాస్కులు

కడప చుట్టుపక్కల కంపెనీలు నడిపేవాళ్ళకు ఫోటో కావలసి వస్తే చాలా ఏళ్ళపాటు ఒకే పేరు వినిపించేది. మహానంది. ఆయన పెళ్ళిళ్ళకు పోడు, పుట్టినరోజులు ఒప్పుకోడు. చైర్మన్లు, కాలేజీ కరస్పాండెంట్లు, కొత్తగా ఆసుపత్రి కట్టిన డాక్టర్లు, సోలార్ ప్లాంటు మేనేజర్లు, వీళ్ళే ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. వెబ్‌సైట్లో పెట్టుకోవడానికో, ఆఫీసు గోడకు తగిలించుకోవడానికో నడుము దాకా ఒక ఫోటో కావాలి వాళ్ళకు. ఆ ఒక్క ఫోటో కోసం మహానంది ఒక్కోసారి పూట పూటంతా పనిచేసేవాడు.

ఆయన సొంతూరు కర్నూలు జిల్లా పత్తికొండ. తండ్రి టమాటా మార్కెట్లో హమాలీ. పదో తరగతి అయ్యాక మహానంది ఊళ్ళోనే ఒక స్టూడియోలో చేరి రేషన్ కార్డులకూ, పరీక్షల హాల్ టికెట్లకూ పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీశాడు. తర్వాత కర్నూలు పోయి పదేళ్ళు పెళ్ళిళ్ళు తీశాడు. ఆ పని ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. ఒకరోజు విత్తనాల కంపెనీ మేనేజరొకాయన స్టూడియోకు వచ్చి, "నా మొగం చూస్తే రైతు నమ్మాలప్పా, అట్ల తీయి" అన్నాడు. మహానంది గంటసేపు దీపాలు జరిపి జరిపి తీశాడు. ఆ ఫోటో విత్తనాల సంచుల మీదికి ఎక్కి ఊరూరా తిరిగింది. తాను చేయవలసిన పని ఇదేనని ఆయనకు ఆ రోజే అర్థమయింది. నాగజ్యోతిని పెళ్ళి చేసుకున్నాక ఇద్దరూ కడప వచ్చి ఏడురోడ్ల దగ్గర ఒక మేడ మీద స్టూడియో పెట్టుకున్నారు.

ఎంత పెద్ద మనిషైనా కెమెరా ముందు కూర్చోగానే ఊపిరి బిగబడతాడు. మెడ నరాలు బిగుసుకుంటాయి, పెదాలు సన్నబడతాయి. మహానంది తొందరపడేవాడు కాదు. "మీ ఇంట్లో చిన్నప్పుడు ఎద్దులుండేవా సార్? వాటి పేర్లేంది?" అని అడిగేవాడు. ఈ సీమలో వ్యాపారాలు చేసేవాళ్ళు చాలామంది సేద్యం ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే. ఎద్దు పేరు గుర్తు చేసుకునేటప్పుడు ఆ ముఖం మీదికి మరో కాలం వచ్చేది. అప్పుడు "ఒకసారి ఊపిరి వదలండి" అనేవాడు. ఆ ఊపిరి చివర బటన్ నొక్కేవాడు. తర్వాతి పని నాగజ్యోతిది. కంటి కింద నలుపు, మొటిమల మచ్చలు, కాలర్ ముడతలు ఆమె కంప్యూటర్ మీద ఓపిగ్గా తీసేసేది. స్టూడియో బోర్డు మీద "మీరు మీలాగే, ఇంకొంచెం బాగా" అన్న మాట కూడా ఆమె రాయించిందే.

2021 మార్చిలో హర్షవర్ధన్ దగ్గరినుంచి ఫోన్ వచ్చింది. రాజంపేట దాటాక మట్టిబాట పట్టి రెండు మైళ్ళు పోతే ఆయన మిల్లు ఉంది. పలుగురాళ్ళను దంచి మైదాపిండిలాగ మెత్తగా ఆడించి, గాజు ఫ్యాక్టరీలకూ, ఇనుము కరిగించే కొలుములకూ పంపుతారు. తాతలు వేరుశనగ పండించిన భూమిలోనే హర్షవర్ధన్ ఆ మిల్లు పెట్టాడు. నలభై దాటని మనిషి, మర్యాదస్తుడు.

మహానంది వెళ్ళిన రోజు బాటకు రెండువైపులా కంపచెట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆఫీసులో హర్షవర్ధన్ ఫోటో అరగంటలో అయిపోయింది. ఎద్దుల పేర్లు అడగగానే "మైలోడు, కర్రోడు" అని ఆయన చిన్నపిల్లవాడిలా చెప్పాడు. ఫోటో చూసుకుని సంతోషపడి, "ఇంకొక పని ఉండాది మహానందప్పా" అన్నాడు. "బయటి దేశం పార్టీ ఒకటి మన సరుకు కొనేదానికి వస్తాండాది. వాళ్ళకు రాయి చూపించే ముందు మనుషులను చూపించాలంట. పుస్తకం ఒకటి వేస్తాండాం. పని చేసేవాళ్ళను కూడా నన్ను తీసినట్టే తీయి. తక్కువ చేయొద్దు."

ఆ చివరి మాట మహానందికి బాగా నచ్చింది. కూలి మనిషికీ యజమానికీ ఒకే దీపం, ఒకే తెర. అట్లాంటి పని అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

తూకం గది పక్కన నీడలో బూడిదరంగు తెర కట్టి దీపాలు నిలబెట్టాడు. ముప్పై ఒక్కమంది వరసగా నిలబడ్డారు. మేనేజరు స్టోరులోంచి అట్టపెట్టె తెప్పించాడు. అందులో కొత్త హెల్మెట్లు, నారింజరంగు జాకెట్లు, రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లున్న రబ్బరు మాస్కులు ఉన్నాయి. మాస్కులు ఆరే. ఒకడు ఫోటో దిగి పక్కకు రాగానే అతని ముఖం మీది మాస్కు తీసి, పాత గుడ్డతో తుడిచి, వెనక వచ్చేవాడికి ఇస్తున్నారు.

కరోనా ఇంకా పూర్తిగా పోలేదు. మహానంది మేనేజరును అడిగాడు, "ఒకరిది ఒకరికి పెడతాండారు, తలా ఒకటి ఇయ్యగూడదా?"

"ఫోటోకే గదన్నా," అన్నాడు మేనేజరు. "మిగతా దినాలు తువ్వాల కట్టుకుంటారులే. ఇది పెట్టుకుంటే వాళ్ళకే ఊపిరాడదు."

మహానంది దీపం దగ్గరికి పోయాడు. ఆయనకు అప్పుడు వెలుతురు మీదే ధ్యాస ఉంది. రబ్బరు మీద దీపం మెరవకుండా ఎట్లా తీయాలా అని ఆలోచిస్తున్నాడు.

పద్నాలుగోవాడో పదిహేనోవాడో కంబన్న. ముప్పై రెండేళ్ళుంటాయి. బక్కపలచని ఒళ్ళు, పెద్ద కళ్ళు. కనురెప్పల వెంట్రుకలకు తెల్లటి పిండి పట్టి ఉంది.

"యాడిదప్పా ఊరు?" అడిగాడు మహానంది.

"కోసిగి కాడ సార్."

"నాది పత్తికొండ. సార్ అనొద్దులే."

"అట్లనా అన్నా. మాట ఇంటానే అనుకుంటి, మన తట్టు మనిషని." కంబన్న ముఖం విప్పారింది. "వానల్లేవు. దుడ్లకని ఇంత దూరం వస్తిమి."

మహానంది తడిగుడ్డతో అతని నుదురు తుడిచాడు. మాస్కు వదులుగా ఉంటే దాని పట్టీలు తానే బిగించి, ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టాడు. ఊపిరి వదలమన్నాడు. కంబన్న ఊపిరి వదలబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. మాస్కు తీసి, నీళ్ళు తాగించి, మళ్ళీ పెట్టారు. మూడోసారికి ఫోటో వచ్చింది. నారింజ జాకెట్టు, నల్లటి మాస్కు, వాటి పైన ఆ రెండు కళ్ళు. చూసేవాడి వంక నేరుగా, ఏ భయమూ లేకుండా చూస్తున్న కళ్ళు.

పుస్తకం అట్ట మీద ఆ ఫోటోనే వేశారు. మిల్లు గేటు పక్కన నిలువెత్తు బోర్డు మీద కూడా అదే. కనురెప్పల మీది తెల్లపిండిని తీసేయమని కంపెనీ వాళ్ళు అడిగితే నాగజ్యోతి ఒక్కొక్క వెంట్రుకా శుభ్రం చేసింది. మహానంది ఆ ఫోటోను తన స్టూడియోలో కూడా తలుపు తీయగానే కనిపించేట్టు పెట్టుకున్నాడు. దాన్ని చూసి పని ఇచ్చిన కంపెనీలు నాలుగైదు ఉన్నాయి.

దాదాపు మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. ఒకాయన గాబ్రియేలు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక కూలివాళ్ళ తరఫున అర్జీలు రాస్తూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉంటాడు. రెండో మనిషి ఇరవై ఎనిమిదేళ్ళ ఆడమనిషి. ఆమె లోపలికి అడుగుపెట్టి ఎదురుగా ఉన్న ఫోటో చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఈ యమ్మ పేరు శివకుమారి," అన్నాడు గాబ్రియేలు. "ఆ ఫోటోలో ఉండేది ఈమె మొగుడు. పోయి ఎనిమిది నెలలైంది."

మహానంది కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. ఫోటో మీదినుంచి చూపు తీయకుండానే చెప్పింది.

"దగ్గు దగ్గు అంటాండె. ఆదోనిలో టీబీ అనిరి. ఏడాది మాత్రలు మింగె. తగ్గల్యా. మళ్ళ కర్నూలు పెద్దాసుపత్రిలో ఫోటో తీసి, తిత్తుల్లో రాతిపిండి ఉండాది, ఇంగ ఏం జెయ్యలేమనిరి. ఆకర్న పండుకునేకి గూడా కాల్యా. గోడకు ఆనుకోని కూసునే నిద్రపోతాండె. అట్లనే కూసోనే పాయె."

మిగతాది గాబ్రియేలు చెప్పాడు. నష్టపరిహారం కోసం కార్మిక శాఖలో అర్జీ పెట్టారు. కంబన్న తమ దగ్గర పనిచేసింది కొన్ని వారాలేననీ, ఆ కొన్ని వారాలూ మాస్కు ఇచ్చామనీ, జబ్బు మరెక్కడో తెచ్చుకున్నాడనీ మిల్లు వాళ్ళు జవాబిచ్చారు. మాస్కు ఇచ్చినట్టు సాక్ష్యంగా వాళ్ళు పెట్టింది ఆ పుస్తకం అట్ట.

"అది తీసింది నువ్వంట గదన్నా," అంది శివకుమారి. "ఆయప్ప నాకు ఫోన్‌లో చెప్పినాడు ఆ పొద్దు. మన పత్తికొండాయన ఫోటో తీసినాడు, మూతికి ఏందో కట్టి తీసినారు, మళ్ళ పీక్కున్నారు అని నగినాడు. నువ్వు చూసినావు గదా. చూసింది చెప్తే చాలు."

మహానంది రెండు రోజులు గడువు అడిగాడు.

వాళ్ళు పోయాక నాగజ్యోతి కంప్యూటరు కట్టేసి ఇటు తిరిగింది. "చెప్పొద్దని నేను అనను," అంది. "కానీ మనకు పని ఇచ్చేవాళ్ళంతా ఒకరికొకరు చుట్టాలో, స్నేహితులో. చెప్పినాక మనం ఏం చేస్తామో కూడా ఇప్పుడే అనుకుందాం." ఆమె గొంతులో కోపం లేదు. భయం ఉంది. మహానందికీ అదే భయం.

మర్నాడు హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. సంగతి ఆయనకు అప్పటికే చేరింది. "నువ్వు చూసింది నువ్వు చెప్పుకోవచ్చు మహానందప్పా, నేనేమీ అనుకోను," అన్నాడు. "ఒక్కటే మాట. ఆ పొద్దు నిన్ను ఎవురూ బలవంతం చేయలేదు. పట్టీలు బిగించింది గూడా నువ్వే." ఫోన్ పెట్టేశాక ఆ మాట మహానంది చెవిలోనే ఉండిపోయింది.

ఆయన పాత హార్డ్ డిస్కు తీసి ముప్పై ఒక్క ఫోటోలూ వరసగా తెరిచాడు. అంతకుముందు ఎన్నోసార్లు చూసిన ఫోటోలే. ఈసారి కళ్ళను చూడడం మాని మాస్కులను చూశాడు. కంబన్న మాస్కుకు ఎడమ ఫిల్టరు అంచు దగ్గర గోరంత పెచ్చు లేచిపోయి ఉంది. అతనికి ముందు దిగిన ఒకడి మాస్కుకూ అదే పెచ్చు, అదే చోట. తర్వాత దిగిన మరొకడికీ అంతే. లెక్కపెడితే ఆ పెచ్చు ఐదు ముఖాల మీద కనిపించింది. మరో మాస్కు పట్టీ మీద నీలిసిరా గీత ఉంది. అది ఆరు ముఖాల మీద ఉంది. తాను నోరు తెరవనక్కర లేదు. ఫోటోలే చెబుతాయి. ముప్పై ఒక్కమందికి ఆరు మాస్కులు.

అదే రోజు గాబ్రియేలుకు ఫోన్ చేసి వస్తానని చెప్పాడు. ఫోటోలన్నీ పెద్దవిగా ప్రింటు వేసి, పెచ్చు ఉన్నచోటా గీత ఉన్నచోటా ఎర్రసిరాతో గుండ్రాలు చుట్టాడు. నాగజ్యోతి వాటిని వరసలో పేర్చి అట్టకు అంటించింది. ఆ వారంలో వాళ్ళిద్దరూ మంచి ఉత్సాహంగా ఉన్నారు.

కడపలో విచారణ జరిగిన రోజు శివకుమారి ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకుని వచ్చింది. విచారణాధికారి నిదానంగా వినే మనిషి. మహానంది చూసిందంతా చెప్పాడు, ఫోటోలు అంటించిన అట్ట చూపించాడు. అధికారి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క గుండ్రాన్నీ పరిశీలనగా చూశాడు. శివకుమారి మహానంది వంక చూసింది. అంతవరకూ ఆమె ముఖంలో ఆశ అనేది ఆయనకు కనపడలేదు. అప్పుడు కనపడింది.

తర్వాత మిల్లు తరఫు వకీలు లేచాడు. గొంతు పెంచలేదు.

"మహానందిగారూ, మీ స్టూడియో బోర్డు మీద ఏం రాసి ఉంటుంది?"

మహానంది చెప్పాడు.

"ఇంకొంచెం బాగా అంటే ఏం చేస్తారు?"

"మచ్చలు అవీ తీసేస్తాం సార్."

"అవీ అంటే? లేనివి పెట్టగలరా?"

"పెట్టొచ్చు సార్. కానీ మేము అట్ల..."

"ఈ ఫోటోల్లో మీరు ఏమైనా మార్చారా?"

మహానంది నాగజ్యోతి వంక చూశాడు. ఆమె తల వంచుకుంది. "కనురెప్పల మీద దుమ్ముంటే తీసినాం సార్. కంపెనీ వాళ్ళే అడిగినారు."

"కంప్యూటర్లో చేయి వేయని అసలు ఫోటోలు ఉంటాయి కదా. అవి తెచ్చారా?"

తేలేదు. అవి లేవు. పని అప్పగించిన ఏడాదికి మహానంది అసలు ఫైళ్ళు చెరిపేసి ఆ డిస్కులను మళ్ళీ వాడుకుంటాడు. అందరూ చేసేదే. మిగిలినవి నాగజ్యోతి శుభ్రం చేసిన ఫోటోలు మాత్రమే.

"మీరు మిల్లుకు మొత్తం ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఒక్కసారే సార్."

"ఎంతసేపు?"

"నాలుగు గంటలు."

"మిగతా రోజుల్లో ఆయన మాస్కు పెట్టుకున్నాడో లేదో మీరు చూశారా?"

"చూడలేదు సార్."

వకీలు పుస్తకం అట్ట ఎత్తి చూపించాడు. "ఒక్క మాట చెప్పండి చాలు. ఈ ఫోటో నిజమా, కాదా?"

మహానంది నోరు తెరిచాడు. కాదంటే ఆయన అట్టకు అంటించి తెచ్చిన ముప్పై ఒక్కటీ అబద్ధాలవుతాయి. ఔనంటే కంబన్నకు మాస్కు ఇచ్చారన్నదీ నిజమవుతుంది. "నిజమే సార్, కానీ..." అన్నాడు. వకీలు కూర్చున్నాడు.

రెండు నెలలకు తీర్పు కాగితం వచ్చింది. ఎన్నాళ్ళు పనిచేశాడన్నదానికి ఆధారం లేదనీ, ఫోటోలు మార్పులు చేసినవి కాబట్టి వాటి మీద ఆధారపడలేమనీ అందులో ఉంది. అధికారిని తప్పుపట్టడానికి ఏమీ లేదని గాబ్రియేలు అన్నాడు. కాగితం మీద ఉన్నదాన్నే ఆయన చూడగలడు. పై కోర్టుకు పోదామంటే శివకుమారి ఒప్పుకోలేదు. "ఇంగ తిరగలేనన్నా," అంది. మహానందిని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు నాగజ్యోతితో అన్నాడు.

ఆ తర్వాత పని తగ్గింది. ఎవరూ గొడవ పెట్టుకోలేదు, ఎవరూ కాదనలేదు. సార్ ఊళ్ళో లేరనేవాళ్ళు, వచ్చే నెల చూద్దామనేవాళ్ళు. ఆ వచ్చే నెల రాలేదు. కొందరు సెల్‌ఫోన్‌లో సెల్ఫీ దిగి, దానికి కంప్యూటరు చేత కోటూ టైయీ వేయించి వెబ్‌సైట్లో పెట్టుకున్నారు. వాటిలో ఏ ముఖం చూసినా ఒకేలా ఉంది, నున్నగా, ఎద్దుల పేర్లేవీ తెలియనట్టు. అయినా ఎవరికీ లోటు అనిపించలేదు. నాగజ్యోతి ఫ్లెక్సీలు తయారుచేసే షాపులో డిజైన్ పనికి కుదురుకుంది. గేటు దగ్గరి బోర్డు తీసేయమని మహానంది మిల్లుకు ఉత్తరం రాశాడు. ఒప్పందం ప్రకారం ఫోటో హక్కులు కంపెనీవేనని రెండు వాక్యాల జవాబు వచ్చింది. స్టూడియోలో ఉన్న ఫోటోను మాత్రం ఆయన తీసి గోడకేసి తిప్పి పెట్టాడు.

అట్లా ఉన్న రోజుల్లో శివకుమారి ఫోన్ చేసింది. పటం కట్టించుకోవడానికి మొగుడి ఫోటో కావాలి. మాస్కు లేనిది.

లేదు. మిల్లులో తీసిన ప్రతి ఫోటోలోనూ మాస్కు ఉంది. పెళ్ళి ఫోటోలు ఉన్న ఫోను ఎప్పుడో పోయింది. మిగిలిందల్లా ఆధార్ కార్డు మీద బొటనవేలంత ముఖం, నల్లగా, అలికినట్టు. దాన్ని ఆమె పక్కింటివాళ్ళ ఫోనులోంచి పంపింది. లేదని చెప్పడానికి మహానందికి నోరు రాలేదు. చూస్తానన్నాడు.

పదిరోజులు ఆ ఒక్క ఫోటో మీదే కూర్చున్నాడు. కళ్ళూ నుదురూ తాను తీసినవి. ఆధార్ కార్డులోంచి ముక్కు కింది భాగం తీసుకుని పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది. అక్కడ కంప్యూటరు చేత పూరింపజేశాడు. పెదాలు దిద్దాడు, గడ్డం దిద్దాడు. కంబన్నతో తాను మాట్లాడాడు, నీళ్ళు తాగించాడు. ఆ నోరు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎంత ప్రయత్నించినా కళ్ళు తప్ప ఏమీ రాలేదు. చివరికి చక్కగా కుదిరిన ఒక ముఖం వచ్చింది. దాన్ని ప్రింటు వేసి, పటం కట్టించి, తానే తీసుకుపోయాడు.

ఆదోనిలో రైలు దిగి, కోసిగి మీదుగా బస్సులో ఆ పల్లెకు చేరేసరికి మధ్యాహ్నమయింది. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. లోపలికి పందులు, కుక్కలు దూరకుండా వాకిళ్ళకు అడ్డంగా కంప కొట్టి పోయారు. మిరపకాయలు కోసే కాలం. శివకుమారి కూడా తెల్లవారితే గుంటూరు వైపు పోయే బండి ఎక్కాలి. మూటలు కట్టి పెట్టుకుంది. ఆమెకు ఆరేళ్ళ కూతురు ఉంది. పాపను అత్త మహాదేవమ్మ దగ్గర వదిలి పోతోంది.

పటం మీది కాగితం విప్పి చేతికిచ్చాడు. ముందు మహాదేవమ్మ తీసుకుంది. వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది.

"ఎవురప్పా ఈ పిల్లోడు?" అని అడిగింది.

శివకుమారి పటం తీసుకుని అరచేతితో కింది సగం మూసి చూసింది. తర్వాత చెయ్యి తీసి చూసింది.

"ముక్కు కాడికి ఆయప్పనే," అంది. "కిందికి ఎవురో."

"ఎట్లుంటుందో చెప్పమ్మా, మార్చుకొస్తా," అన్నాడు మహానంది.

"పెదిమలు ఇంగ రవంత లావు," అంది ఆమె.

"లావు యాడివే? సన్నంగా ఉండె," అంది మహాదేవమ్మ. "మా అన్న పోలిక. ముందరి పన్ను ఒకటి వంకర."

"వంకర కాదత్తా. సందు ఉండె."

"సందు యాడిది, నేను కన్న పిల్లోడు."

ఇద్దరూ ఆగిపోయారు. శివకుమారి మళ్ళీ పటం చూసింది. మెల్లిగా, "దీన్ని చూసినాక ఆయప్ప నోరు గూడా మతికి రాకుండా పోతాండాదన్నా," అంది. ఆ మాటలో నింద లేదు. జరుగుతున్నది చెప్పిందంతే. పటం వెనక మేకులు ఊడదీసి, ఫోటోను బయటికి తీసి, ముక్కు కిందికి మడత పెట్టింది. గోరుతో మడతను గట్టిగా గీసి, మళ్ళీ అద్దం వెనక పెట్టింది. పటంలో పైన రెండు కళ్ళు, కింద వట్టి అట్ట. దాన్ని గూట్లో పెట్టి, మహానందికి మజ్జిగ ఇచ్చింది.

ఆయన బస్సు కోసం బడి దగ్గర నిలబడి ఉండగా ఒకతను దగ్గరికి వచ్చాడు. పేరు తిమ్మయ్య అని చెప్పాడు. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. భుజానికి కెమెరా సంచి చూసి వచ్చాడు.

"అన్నా, పాస్‌పోర్టు సైజు ఫోటో తీస్తావా? కోసిగిలో స్టూడియో మూసినారు. రాజంపేట కాడ రాళ్ళ మిల్లులో గేటు పాసుకు ఫోటో కావాలంట. రేపు పోతాండా."

మహానంది అతని ముఖం చూశాడు. "ఆ మిల్లుకు పోవద్దప్పా," అన్నాడు. "కంబన్నకు ఏమయిందో తెలుసు గదా నీకు."

"తెల్సు," అన్నాడు తిమ్మయ్య. "నేనూ మోసినోన్నే ఆయప్పను. మళ్ళ యాడికి పొమ్మంటావు?"

మహానంది నోటికి గుంటూరు మిరపతోటలు వచ్చాయి, బెంగుళూరు బిల్డింగు పనులు వచ్చాయి. అవన్నీ తిమ్మయ్యకు తనకంటే బాగా తెలుసు. తిమ్మయ్య ఎండలో ఓపిగ్గా నిలబడ్డాడు.

బస్సు వచ్చేలోగా బడిగోడకు సున్నం కొట్టిన చోట అతన్ని నిలబెట్టి తీశాడు. ఊరి పేరు అడగలేదు, ఎద్దుల మాట ఎత్తలేదు. ఊపిరి వదలమని చెప్పలేదు. తిమ్మయ్య బిగదీసుకుని నిలబడితే అట్లాగే ఒకటి నొక్కి, కడప చేరాక ఫోనుకు పంపుతానన్నాడు. పంపాడు కూడా. కనురెప్పల మీద, చొక్కా మీద ఏదీ దిద్దకుండా, కెమెరాలోంచి వచ్చినది వచ్చినట్టు.

ఆ తర్వాత మహానంది మనుషులను తీయలేదు. ఇప్పుడు నాపరాళ్ళ నమూనాలు, విత్తనాల ప్యాకెట్లు, ఇంటికి వేసే టైల్స్ కేటలాగుల కోసం తీస్తున్నాడు. స్టూడియోలో కుర్చీ ఉండే చోట ఇప్పుడు ఒక బల్ల ఉంది. తిమ్మయ్య ఎట్లా ఉన్నాడో కనుక్కోమని నాగజ్యోతి అప్పుడప్పుడూ అంటుంది. నంబరు ఆయన ఫోనులోనే ఉంది. ఇంతవరకూ చేయలేదు.